ఎవరు చేసిన 'ఎటాక్'?

రెండు నెలల కిందట ఐరాల మండలంలోని ఒక పల్లె నుంచి ఒక కుర్రవాడు ఒక కాగితం తీసుకుని మన సంఘం దగ్గరికి వచ్చాడు. వాళ్ళ నాయన బోరు కింద చెనిక్కాయ వేశాడు. కాయ ఊరే సమయానికి అడవి పందులు పడి, ఒక్క రాత్రిలో నలభై సెంట్లు దున్నినట్టు తవ్విపోసినాయి. పిల్లవాడు డిగ్రీ చదివినవాడు. అర్జీ తానే రాశాడు: "మా పొలము నందు రాత్రి ఎటాక్ జరిగినది. కావున తగు చర్య తీసుకోగలరు."

ఆ అర్జీతో అతను మూడు రోజులు తిరిగాడు. మొదట వెళ్ళిన చోట పైనుంచి చదివి, "ఎటాక్ అంటే తగాదా కదప్పా, స్టేషన్‌కు పో" అన్నారు. అక్కడ "ఎవరు కొట్టినారు? పేర్లు చెప్పు" అన్నారు. పందులని చెబితే నవ్వి, ఇంకో శాఖకు పొమ్మన్నారు. మూడో చోట సారు సెలవు. నాలుగోనాడు వాన పడి చేలో గాళ్ళన్నీ చదునైపోయినాయి. అప్పుడు మన దగ్గరికి వచ్చి, "ఏం రాసి ఉండాల్సిందన్నా?" అని అడిగాడు.

తప్పు ఆ పిల్లవాడిదని మనం అనలేం. ఊళ్ళో అందరూ అదే మాట వాడుతున్నారు. మామిడి పూత మీద తేనెమంచు పురుగు కనబడితే ఎటాక్. టమోటా ఆకు ముడిస్తే ఎటాక్. ఏనుగులు వస్తే ఎటాక్. పెద్దాయనకు గుండె ఆగితే "ఎటాక్ వచ్చింది". బ్యాంకు నోటీసు వస్తే దాన్ని కూడా కొందరు ఎటాక్ నోటీసు అనే అంటారు (అది అటాచ్, దాని సంగతి తర్వాత చెప్పుకుందాం). ఇన్నిటికీ ఒకే మాట సరిపోయిందంటే సౌకర్యమే. కానీ నష్టపరిహారం, బీమా, కేసు, ఈ మూడూ ఆ మాట చుట్టూనే తిరుగుతుంటే సంగతి వేరు.

మన పెద్దవాళ్ళు ఇన్నిటికీ ఒక మాట వాడలేదు. పురుగు 'పట్టింది' అన్నారు. తెగులు 'సోకింది' లేదా 'తగిలింది' అన్నారు. పందులు చేలో 'పడ్డాయి' అన్నారు. మంచు 'పట్టింది', ఎండ 'కొట్టింది', గాలి 'విసిరింది' అన్నారు. ఆ మాటల్లోనే రైతు చూపు ఉంది. పట్టినదాన్ని వదిలించాలి. సోకినది పక్క చెట్టుకు సోకకుండా చూడాలి. పడినవాటిని కాపలా కాసి తరమాలి. మాట వినగానే చేయాల్సిన పని తెలిసేది. 'ఎటాక్' అనగానే ఒక్క పనే గుర్తొస్తుంది, తిరిగి కొట్టడం.

ఆ తిరిగి కొట్టడం ఎక్కడ మొదలవుతుందో మీకు తెలుసు. మందుల అంగట్లో. "ఎటాక్ ఎక్కువుందన్నా, ఈ రెండూ కలిపి కొట్టు, లేకుంటే పూత నిలవదు" అనగానే చేయి జేబులోకి పోతుంది. చెట్టు కింద నిలబడి కంకికి ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టే ఓపిక అప్పుడు ఉండదు. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే 'ఆర్థిక నష్ట పరిమితి' అనే మాట ఈ లెక్క గురించే. వరిలో కాండం తొలిచే పురుగుకు మొవ్వు చచ్చిన పిలకలు 5 శాతం దాటితేనో, చదరపు మీటరుకు ఒక తల్లి రెక్కల పురుగు కనబడితేనో మందు గురించి ఆలోచించమంటారు. అంతకు తక్కువైతే మందు ఖర్చు, పురుగు చేసే నష్టాన్ని మించిపోతుంది. పురుగు కనబడటం వేరు, నష్టం చేయడం వేరు. పూర్తిగా విచ్చిన పూత మీద మందు కొడితే పిందె కట్టించే ఈగలు, తేనెటీగలు కూడా పోతాయి. మామిడికి పరాగ సంపర్కం ఎక్కువగా ఈగల వల్లే జరుగుతుంది. వాటిని మనమే చంపుకుని, తర్వాత పిందె కట్టలేదని ఇంకో మందు కొనుక్కుంటున్నాం. ఇందులో ఎవరు ఎవరిని కొట్టినట్టు?

ఇక అటాచ్ సంగతి. ఇంగ్లీషు నిఘంటువులు చూస్తే ఎటాక్, అటాచ్ ఒకే మూలం నుంచి వచ్చిన అన్నదమ్ములని తెలుస్తుంది. ఇటాలియన్‌లో 'అత్తకారే' అంటే తగిలించడం. అదే మాటకు యుద్ధం జోడిస్తే శత్రువుతో తలపడటం. అక్కడి నుంచి ఫ్రెంచి మీదుగా ఎటాక్ దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషులోకి వచ్చింది. దానికంటే ముందే వచ్చిన అటాచ్ కోర్టు మాటయి జప్తు అనే అర్థంలో స్థిరపడింది. మనకు ఇది వింతేమీ కాదు. తగిలించడం, దెబ్బ తగలడం, మనకు కూడా ఒకే మాట కదా. నోటీసు అందుకున్న రైతుకు ఈ అన్నదమ్ముల పోలిక నిఘంటువు చూడకుండానే తెలుసు.

కానీ జప్తుకు హద్దులున్నాయి. అవి తెలియక భయపడేవాళ్ళు చాలామంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం, అప్పు డిక్రీ కింద రైతు సేద్యపు పనిముట్లను, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులను, విత్తన గింజలను జప్తు చేయకూడదు. రైతు తనదై, తాను కాపురం ఉంటున్న ఇంటికి కూడా ఆ రక్షణ ఉంది, ఆ ఇంటినే ఆ అప్పుకు తాకట్టు పెట్టి ఉంటే తప్ప. కోర్టుకు పోకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం, 31వ సెక్షన్‌లో వ్యవసాయ భూమిని పక్కన పెట్టింది. అంటే సేద్యం చేస్తున్న భూమిని ఆ చట్టం కింద వేలం వేస్తామని ఎవరైనా గడపలో నిలబడి బెదిరిస్తే, కాగితం చేతికివ్వమని అడగండి. ఆ కాగితం మీద ఏ చట్టం, ఏ సెక్షన్ రాశారో చూడండి. సంతకం మాత్రం అప్పుడే పెట్టవద్దు.

రైతు మీదికి ఈ మాట తిరిగేది ఇంకో చోట ఉంది. ధర కోసం రోడ్డు మీద కూర్చుంటే మరుసటి రోజు 'అధికారిపై రైతుల దాడి' అని వార్త వస్తుంది. అక్కడ జరిగింది తోపులాట కావచ్చు, కేకలు కావచ్చు. చట్టంలో అసాల్ట్ అనే నేరానికి కొట్టనవసరం లేదు. కొడతాడేమో అని ఎదుటివాడు భయపడేలా చేయి ఎత్తినా చాలు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 130వ సెక్షన్ చెప్పేది ఇదే. అయితే ఉట్టి మాటలు మాత్రం అసాల్ట్ కావని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. మాటకు చేయి తోడైతేనే చిక్కు. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని అడ్డుకునేందుకు అలా చేస్తే 132వ సెక్షన్, రెండేళ్ళ దాకా శిక్ష, స్టేషన్ బెయిలు దొరకని కేసు. పాత ఐపీసీలో ఇదే 353. మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. గొంతు ఎంతైనా ఎత్తండి, వేలు ఎత్తవద్దు. ఎదుటి పక్షం ఎదురుచూసేది ఆ వేలు కోసమే.

పాలించేవాడు మన పోరాటానికి పేరు పెట్టడం కొత్త కాదు. మన్యంలో గిరిజనుల తిరుగుబాట్లను దొరలు 'ఫితూరీ' అని రికార్డుల్లో రాసుకున్నారు. 1879 నాటి రంప, 1922లో అల్లూరి సీతారామరాజు నడిపినది, రెండూ వాళ్ళ కాగితాల్లో ఫితూరీలే. ఆ మాట తెలుగులో అరిగి అరిగి, ఇప్పుడు పితూరీ అంటే ఒకరి మీద ఇంకొకరికి చెప్పే చాడీ. తిరుగుబాటు చాడీగా మిగిలింది.

సరే, 2025 మామిడి సంగతికి వద్దాం. తోతాపురి కోతకు వచ్చేసరికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 ఇస్తామన్నారు. గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలిచిపోయినాయి. పల్ప్ నిల్వలు ఎక్కువున్నాయని కొనేవాళ్ళు చేతులెత్తేశారు. బంగారుపాళెం వైపు కాయలు రోడ్డు మీదికి వచ్చినాయి. జూలైలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 1.62 లక్షల టన్నులకు క్వింటాకు 1,490.73 రూపాయల లెక్కన ఒప్పుకుంది. ఆ లెక్కలో ఎవరి చేతికి ఎంత వచ్చిందో ఈ పత్రిక చదివేవాళ్ళకు మేం చెప్పనవసరం లేదు. రోడ్డు మీద పారబోసిన కాయను అందరూ ఫోటో తీశారు. ట్రాక్టరులో కుళ్ళిన కాయ, కోత కూలి, బాడుగ, వీటిని ఎవరూ 'రైతుపై దాడి' అని రాయలేదు. ధర 'పడిపోయింది' అన్నారు. తానంతట తానే కాలు జారి పడినట్టు.

గుండెపోటు గురించి ఒక్క మాట. మన ఊళ్ళలో 'ఎటాక్' అంటే ముందుగా తోచేది అదే. అప్పుల బాధలో మనిషి చేలోనే కుప్పకూలితే డాక్టరు గుండెపోటు అని రాస్తాడు. అది నిజమే. రాష్ట్రంలో ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 2019 నుంచి 7 లక్షల పరిహారం ఉంది. గుండె ఆగి పోయినవాడి ఇంటికి ఆ దారి లేదు, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఇందులో ఏ మాట మార్చి రాయమనీ మేం చెప్పం. అబద్ధం రాయించుకోమని సంఘం ఎన్నడూ చెప్పదు, మనం కాణిపాకం పక్కవాళ్ళం. కానీ అప్పు పత్రాలు, కౌలు కార్డు, పంట నమోదు, ఇవి మనిషి ఉన్నప్పుడే ఇంట్లో ఒక చోట ఉండాలి. బరువు మోయలేక మాట తగ్గిపోయిన మనిషి మీ వీధిలో ఉంటే, పోయి పక్కన కూర్చోండి. ఇది చట్టం పని కాదు, మన పని.

ఇప్పుడు అసలు పని. 2025 నవంబరు 18న కేంద్ర వ్యవసాయ శాఖ, ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అడవి జంతువుల దాడి వల్ల పంట నష్టాన్ని స్థానిక నష్టాల కింద అదనపు రక్షణగా చేరుస్తున్నట్టు ప్రకటించింది. 2026 ఖరీఫ్ నుంచి అమలు. ఇంగ్లీషు కాగితంలో ఉన్న మాట కూడా ఎటాకే. అంటే ఆ కుర్రవాడు రాసిన మాటే ఇప్పుడు బీమాకు తాళంచెవి అయింది. అయితే ఒంటి మాట చాలదు. ఏ జంతువో ఉండాలి. ఏ పంటో, ఎంత విస్తీర్ణమో ఉండాలి. నష్టం జరిగిన 72 గంటల్లోపు పంటల బీమా యాప్‌లో, స్థలం గుర్తు పడే ఫోటోలతో నమోదు చేయాలి. మూడు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగితే ఆ 72 గంటలు అక్కడే అయిపోతాయి.

ఏ జంతువులు జాబితాలో ఉండాలో, ఏ ప్రాంతాలు నష్టపోయేవో రాష్ట్రమే నిర్ణయించాలి. ఇక్కడే మనం మేలుకుని ఉండాలి. పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల గురించి అందరికీ తెలుసు. కౌండిన్య అభయారణ్యం ఉంది, 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీలు వచ్చినాయి, వార్తలు వచ్చినాయి. పందికి వార్త రాదు. ఐరాల చుట్టుపక్కల చెనిక్కాయను, చెరకును రాత్రి రాత్రి తినిపోయేది పంది. కోతులు, నెమళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. జాబితాలో ఏనుగు ఒక్కటే ఉంటే మన మండలానికి ఒరిగేదేమీ లేదు. బీమా నోటిఫై అయిన పంటకే వర్తిస్తుంది కాబట్టి మీ పంట ఏ పథకం కింద ఉందో, ప్రీమియం కట్టే గడువు ఎప్పుడో విత్తే ముందే రైతు సేవా కేంద్రంలో అడగండి. ఈ-పంటలో నమోదు కాని చేను కాగితం మీద లేనట్టే. ఇంకొకటి, పందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ లాగవద్దు. దానికి మొదట చిక్కేది తెల్లవారుజామున మడవ కట్టడానికి పోయే మనిషి.

పందుల వల్ల నష్టపోయినవాళ్ళు ఊరు, సర్వే నంబరు, తేదీ, పంట, విస్తీర్ణం రాసి, ఫోటో ఉంటే జతచేసి సంఘానికి ఇవ్వండి. జాబితాలో పందిని చేర్చమని కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రానికి అవన్నీ జోడిస్తాం.

ఆ కుర్రవాడి అర్జీని మేం మళ్ళీ రాయించాం. "ఫలానా తేదీ రాత్రి ఫలానా సర్వే నంబరులో అడవి పందులు పడి, కోతకు ఇరవై రోజులున్న చెనిక్కాయ పంటను నలభై సెంట్ల మేర తవ్వి తినివేసినవి. ఫోటోలు జతపరిచినాను." ఫోటో వాళ్ళ చెల్లెలు ఫోనులో ఉండింది, వానకు ముందు తీసింది. ఈసారి కాగితం తీసుకున్నారు, రసీదు మీద నంబరు వేసి ఇచ్చారు. డబ్బు ఇంకా రాలేదు.