శయ్యాశౌచము

వంటపాత్రను పూటపూటకును తోమి, కట్టువస్త్రమును దినదినమును ఉతికి, తెల్లవారకమునుపే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గు పెట్టుకొను మన యిండ్లలో, దినమునకు ఏడెనిమిది గంటలకాలము ఒడలు ఆనించి పడుకొను పరుపును మాత్రము, కొన్ననాడు మంచముమీద పరచి, అది క్రుంగి పల్లమై పనికిమాలినదగు వరకును కదల్పక విడిచిపెట్టుట యీ రెండు మూడు దశాబ్దములలో వాడుకయై పోయినది. పైదుప్పటి మార్చినచో పరుపు శుద్ధమైనదని తలచుచున్నాము. దుప్పటి క్రింద ఏమున్నదో ఎత్తి చూచువారు అరుదు. శరీరమును నిలుపు ఊతకంబములని చరకసంహిత చెప్పిన మూడింటిలో ఆహారము మొదటిది, నిద్ర రెండవది. మొదటిదానికై మనము పడు శ్రద్ధలో పదియవవంతైనను రెండవదానికై పడకుండుట నాకు మిక్కిలి విచారము కలిగించుచున్నది.

నా బాల్యము గోదావరి కాలువల నడుమనున్న ఒక పల్లెలో గడచినది. వైశాఖమాసపు ఎండలు ముదిరిన పిమ్మట, ఏటికొక మారు, దూదేకుల తాత భుజమున నిలువెత్తు విల్లు పెట్టుకొని మా వీధిలో ప్రవేశించెడివాడు. ఆ దినమున ఇంటనున్న పత్తిపరుపులన్నియు పెరటిలోనికి వచ్చెడివి. కుట్లు విప్పి, గట్టిపడి ఉండలు కట్టిన దూదిని కుప్పగా పోసి, ఆతడు కొయ్యతో వింటినారిని మీటుచుండగా, ఆ నాదము వీధి చివరి వరకును వినవచ్చుచుండ, మడ్డిగానున్న దూది చూచుచుండగనే తెల్లని నురుగువలె పొంగి లేచుట మాకు వింతలలో వింత. పరుపుగుడ్డ ఆ లోపల చాకిరేవునకు పోయి వచ్చెడిది. బూరుగుదూది తలగడలను ఎండబెట్టి కఱ్ఱతో తట్టెడివారు. ఆ రాత్రి క్రొత్తగా ఏకిన పరుపుమీద పడుకొన్నప్పుడు దాని లోపలనుండి ఎండ వాసన వచ్చెడిది. పరుపు అనగా విప్పుటకును, ఉతుకుటకును, మరల కుట్టుటకును వీలైన వస్తువు అను తలంపు నాకు అప్పుడే నాటుకొన్నది.

మా నాయనమ్మకు పరుపుకంటెను మంచముమీద పట్టుదల యెక్కువ. నవారు విప్పించి చాకలిసోడా వేసిన నీటిలో ఉడికించి, మరుగునీటిని చెంబులతో తెచ్చి కోళ్లకును పట్టెలకును నడుమనున్న బెజ్జములలో తన చేతులతోనే పోసెడిది. “నల్లి పరుపులో కాపురం ఉండదురా, మంచంలో ఉంటుంది. పరుపు మీదికి భోజనానికి వస్తుంది” అని ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది. పంచతంత్రములో రాజుగారి శయ్యయందు నివసించు మందవిసర్పిణి యను పేనును, అతిథిగా వచ్చిన అగ్నిముఖుడను నల్లియు గల కథ పెద్దలందరును ఎరిగినదే. రాజు నిద్రపోకమునుపే తొందరపడి కుట్టిన నల్లి తటాలున మంచపు సందులోనికి దూరి బ్రతికిపోయెను. భటులు వెదకగా వస్త్రపు మడతలలో దొరికిన పేను ప్రాణము కోలుపోయెను. దుష్టులకు ఆశ్రయమీయరాదను నీతికై చెప్పిన కథయే యైనను, దానిని చెప్పినవాడు నల్లి నడతను కన్నులార చూచినవాడని నా నమ్మకము. దుప్పటి ఉతికి తృప్తిపడు మనము ఆ రాజభటుల వంటివారము. నేరము చేసినది యెక్కడ దాగినదో అక్కడ వెదకుట లేదు.

ఈ జీవి స్వభావమును కొంచెము తెలిసికొన్నగాని దానిని గెలుచుట సాధ్యము కాదు. నల్లికి రెక్కలు లేవు, అది ఎగురలేదు, దుముకను లేదు. నడచియే వచ్చును, లేదా మన పెట్టెబేడలలో ఎక్కి వచ్చును. పగలెల్ల పరుపు అంచుల కుట్లలో, మంచపు అతుకులలో, గోడ బీటలలో, తుదకు పటముల వెనుకను నక్కియుండి, రాత్రివేళ మన ఊపిరినుండి వెలువడు బొగ్గుపులుసు వాయువును ఒంటి వేడిమిని ఆనవాలు పట్టి వచ్చి, అయిదు పది నిముషములలో కడుపు నింపుకొని మరల పోయి దాగును. ఆడునల్లి జీవితకాలములో కొన్ని వందల గ్రుడ్లు పెట్టును. మన వేసవివంటి వెచ్చదనములో ఆ గ్రుడ్లు వారము పది దినములలో పగులును. పిల్ల అయిదు మారులు కుబుసము విడిచిగాని పెద్దది కాదు, ఒక్కొక్క కుబుసమునకు ముందు ఒక మారైనను రక్తము త్రాగవలయును. తిండి దొరకనిచో నెలల తరబడి ఉపవాసముండగలదు. కావున గదికి తాళము వేసి పదిదినములు ఊరికి పోయి వచ్చినంత మాత్రమున అది చచ్చుననుకొనుట వట్టి భ్రమ. నల్లికాటు వలన మనుష్యులకు ఏదైన వ్యాధి సంక్రమించునని ఇంతవరకును రుజువు కాలేదు; కాని దద్దురులు, దురద, గోకిన పుండ్లు, అన్నిటికంటెను మించి నిద్రలేమి యను బాధలు అల్పములా? పరీక్షలకు చదువుకొను పిల్లవాడు, ఎండలో పని చేసి వచ్చిన కూలి, రాత్రి సగము దీపము వెలిగించుకొని దుప్పటి దులుపుకొనుచు కూర్చుండుట చూచినవారు దీనిని చిన్న విషయమనజాలరు.

మందు చల్లినచో పీడ వదలునను నమ్మకము మనకు డీడీటీతో వచ్చినది. 1939లో పాల్ మ్యూలర్ దానికి గల కీటకనాశకశక్తిని కనుగొనెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అయితే బహుమానమునకు ఒక యేడాది ముందే, 1947లో, హవాయి ద్వీపములలోని నావికుల బసలలో డీడీటీకి చావని నల్లులు కనబడినవి. మన దేశమున 1953లో మలేరియా నివారణ కార్యక్రమము ఆరంభమైన తరువాత, మందు చల్లువారు పల్లెపల్లెకును వచ్చి గోడలమీద తేదీలు వ్రాసి పోవుచుండిరి. వారి పని దోమలకై. ఆ పని మేలైనదే. నల్లి మాత్రము కొలదికాలముననే ఆ మందునకు అలవాటుపడినది. తరువాత వచ్చిన మందులకును అదే గతి పట్టినది. విషమునకు జంకని సంతతి మిగిలి వృద్ధిపొందుచుండగా, ఆ విషమునే మరింత గాఢముగా చల్లుకొని, ఆ గదిలోనే పసిపిల్లలను పడుకొనబెట్టుట ఎంతటి అవివేకము!

ఇంతకంటెను ఘోరమైనది మరియొకటి గలదు. ధాన్యపు గిడ్డంగులకై ఉద్దేశించిన అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలను నల్లులను చంపుటకు పడకగదులలో పెట్టువారు ఉన్నారు. ఆ మాత్రకు గాలిలోని తేమ తగిలిన చాలును, ఫాస్ఫీన్ అను విషవాయువు పుట్టును. అది గోడ సందులగుండ ప్రక్క గదిలోనికి, పై అంతస్తులోనికి పాకును. దానికి విరుగుడు మందు లేదు. సామాన్యులు స్వేచ్ఛగా కొని వాడరాదని మన దేశమున నిబంధన యున్నను, ఈ విధముగా నిద్రలోనే ప్రాణములు పోగొట్టుకొన్న కుటుంబములను గూర్చి పత్రికలలో చదువుచునే యున్నాము. నల్లి బాధకు ఓర్వలేక మృత్యువును ఇంటికి పిలుచుకొనవలదని చేతులు జోడించి వేడుచున్నాను.

నాకు ఈ విషయము మరల మనసునకు తగులుటకు కారణము మా మేనకోడలి కుమారుడు. ఉద్యోగమునకు శిక్షణ పొందుటకై హైదరాబాదు పోయి, అమీర్‌పేటలోని ఒక హాస్టలులో ఆరుమాసములు ఉండి, పండుగకు ఇంటికి వచ్చిన ఆ అబ్బాయి, రాత్రి అందరితోపాటు హాలులో పడుకొనక, సంచితో సహా మిద్దెమీదికి పోయి ఒంటరిగా చాప పరచుకొనెను. కారణమడిగిన చెప్పడు. తుదకు చేతులమీద వరుసగా నున్న దద్దురులు చూపి, “తాతయ్యా, నా బట్టలతో ఇంట్లోకి నల్లులు వస్తాయేమోనని భయం. ఎవరికీ చెప్పకండి” అని తలవంచుకొనెను. ఆ సిగ్గును చూచి నాకు కన్నీరు వచ్చినది. నల్లి పేదరికమునకు గాని అశుచికి గాని గుర్తు కాదు. అది రక్తముండు చోటుకెల్ల పోవును. 2023 శరత్కాలమున ప్యారిస్ మహానగరము, రైళ్లలోను సినిమా హాళ్లలోను నల్లులున్నవని గగ్గోలుపడినది. సిగ్గుపడి దాచినంత కాలము అది గదినుండి గదికి ప్రాకుచుండును; చెప్పినవాడు పదిమందికి ఉపకారము చేసినవాడు. ఆ అబ్బాయి బట్టలన్నిటిని ఆ రాత్రియే కాగులో మరగబెట్టితిమి.

మరగబెట్టుట యనుటలోనే అసలు కిటుకు కలదు. 50 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిమిలో కొంతసేపు ఉన్నచో నల్లి గ్రుడ్డుతో సహా నశించును. ఏ మందునకు అలవాటుపడినను వేడిమికి అలవాటుపడలేదు. మా నాయనమ్మ చెంబులోని మరుగునీటికి గల మహిమ ఇదియే. కాని నేటి పరుపులకు ఆ ఉపాయము నేరుగా చెల్లదు. స్పాంజి, రబ్బరు, స్ప్రింగు, కొబ్బరిపీచు పరుపులను విప్పుటకు వీలులేదు, మరుగునీరు పోయుటకును వీలులేదు. వాని అంచుల చుట్టును త్రాడువలె కుట్టిన మడతలు నల్లికి నాయనమ్మ కాలములో లేని క్రొత్త కాపురపు చోట్లు. మనము దూదిపరుపును విడిచినప్పుడు, దానితో కూడ ఏటేట విప్పి చూచు ఆచారమును విడిచితిమి. క్రొత్త పరుపునకు తగిన క్రొత్త ఆచారమును మాత్రము నేర్చుకొనలేదు. లోపమంతయు ఇక్కడనే యున్నది.

ఎండ విషయమునను ఒక మాట చెప్పవలయును. మందమైన పరుపును మిద్దెమీద పడవేసినంత మాత్రమున లోపలి నల్లులు చావవు. ఎండ తగలని ప్రక్కకు నడచిపోవును. పలుచని పరుపులు, బొంతలు, తలగడలు అయినచో, నల్లని ప్లాస్టికు పట్టాలో గట్టిగా చుట్టి రోహిణికార్తె ఎండలో దినమంతయు ఉంచి, నడుమ త్రిప్పుచుండిన లోపలి వేడి చాలును. రబ్బరుపరుపునకు తీవ్రమైన ఎండ చేటు. దానిని నీడన గాలికి నిలువబెట్టుటయే మేలు. ఆవిరి యంత్రము దొరకినచో కుట్ల వెంబడి మెల్లమెల్లగా పట్టించుట మంచి పద్ధతి. పరుపునంతయు మూయునట్టి జిప్పు తొడుగు వేసి ఏడాది కాలము విప్పకుండినచో లోపలనున్నవి ఆకలితో నశించును, వెలుపలివాటికి దాగుచోటు తగ్గును. వారమునకొక మారు, దుప్పటి తీసినప్పుడు, నాలుగు మూలల మడతలను వ్రేలితో విప్పి చూచుట అన్నిటికంటెను ముఖ్యము. సిరా చుక్కలవంటి నల్లని మచ్చలు, తేలికైన కుబుసములు, తెల్లని గ్రుడ్లు కనబడిన ఆ క్షణముననే పని మొదలిడవలయును.

నల్లి లేనంత మాత్రమున పరుపు శుద్ధమైనదనుటకు వీలులేదు. మన చర్మమునుండి రాలు పొట్టును తిని బ్రతుకు దుమ్ముపురుగులు, కంటికి ఆననంత సూక్ష్మములు, పరుపులలో వేలకొలది ఉండును. అవి కుట్టవు; కాని వాని మలము ధూళియై ఊపిరిలో చేరి అనేకులకు తుమ్ములను, ఉబ్బసమును కలిగించును. ఇవి నీరు త్రాగవు, గాలిలోని తేమనే పీల్చుకొని బ్రతుకును. కావుననే సముద్రతీరపు జిల్లాలలో వీని ఉపద్రవము హెచ్చు. లేచిన వెంటనే పరుపుమీద దుప్పటి కప్పివేయక, రాత్రి చెమట ఆరునట్లు కిటికీలు తెరచి ఒక గంట అట్లే విడిచిపెట్టుడు. కొన్నప్పటి ప్లాస్టికు కవరును పరుపు మాయకుండునని యేండ్ల తరబడి తీయకుండువారు తేమను లోపల బంధించి బూజును పెంచుచున్నారు. దుప్పట్లను, గలీబులను 60 డిగ్రీల వేడినీట ఉతికిన ఈ పురుగులును చచ్చును.

ఇంటివారు ఇట్లు తమ పరుపును చక్కజేసికొనగలరు. తన పరుపును తాను ఎన్నుకొనలేని విద్యార్థి గతి ఏమి? నెల అద్దె ముందుగానే పుచ్చుకొను ప్రైవేటు హాస్టలుల యజమానులకును, సంక్షేమ వసతిగృహముల అధికారులకును నా విన్నపము ఒక్కటే. వేసవి సెలవులలో ఇంచుమించు నెలన్నర కాలము గదులు ఖాళీగా నుండును. ఏడాదిలో మిక్కిలి తీవ్రమైన ఎండయు అప్పుడే కాయును. ఆ దినములలో ప్రతి పరుపును బయటికి తీయించి అంచులు పరిశీలింపజేయుడు. పలుచని పరుపులను పట్టాలలో చుట్టించి ఎండబెట్టించుడు. ఇనుపమంచముల గొట్టముల తెరపులలో మరుగునీరు పోయించి, ఆ పిమ్మట వానిని మూయించుడు. గోడల బీటలు పూడ్పించుడు. చెడిన పరుపును అంగడికి గాని వీధిలోనికి గాని పంపక, ఎవరును మరల వాడకుండ చీల్చి పారవేయించుడు. జూన్ నెలలో పిల్లలు తిరిగి వచ్చునప్పటికి ఈ పని ముగియవలయును.