గుల్ల కీబోర్డూ, మన గుల్ల తెలుగూ

మొన్న సెలవులకి ఎల్లారెడ్డి వెళ్ళినప్పుడు నా మెకానికల్ కీబోర్డు విప్పా. పైన పటారం, లోన లొటారం! ప్లాస్టిక్ డబ్బా అంతా ఖాళీ. మీట నొక్కినప్పుడల్లా డొల్లగా మోగేది అందుకే. కామారెడ్డిలో కొన్న ఫోమ్ షీటు కత్తిరించి అడుగున పరిచా, సర్క్యూట్ బోర్డు వెనక రెండు పొరలు మాస్కింగ్ టేపు అంటించా. మోత పోయింది, ఇప్పుడు దిమ్మలా ఉంది. దీనికోసం వేలు పోసి బయటిదేశాల కిట్లు తెప్పించుకునేవాళ్ళని చూస్తే నవ్వొస్తోంది.

సరే, ఇంత గట్టి కీబోర్డు మీద మనం కొట్టేదేంటి? అమ్మకి పంపే మెసేజీ కూడా ఇంగ్లీషక్షరాల తెలుగే! అదే కామారెడ్డిలో ఒక డీటీపీ షాపులో ఆపరేటరు అక్షరాలు అరిగిపోయిన మామూలు కీబోర్డు మీద పెళ్ళిపత్రిక చకచకా తెలుగులో కొట్టేస్తుంటే నాకు సిగ్గేసింది.

ఇన్‌స్క్రిప్టు 1986 నుంచీ ఉంది. విండోసులో, లినక్సులో విడిగా కొనక్కర్లేదు. అచ్చులు ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువభాగం కుడిచేతికి. కొత్త ప్రోగ్రామింగ్ లాంగ్వేజీ వారంలో పట్టేసే మనకి యాభైచిల్లర అక్షరాలు బరువా? ఫోమ్ పరచడానికి నాకు ఒక పూట పట్టింది. రోజుకో అరగంట దీనికీ పెడదాం. కాదంటారా? కారణం చెప్పండి, అదీ తెలుగక్షరాల్లో!