నువార్ అంటే నీడలాట కాదు

ఫిల్మ్ నువార్ అనగానే అప్పజెప్పే పాఠం ఒకటుంది: తడిసిన రోడ్డు, కిటికీ పట్టీల నీడలు, వంచి పెట్టిన టోపీ, సిగరెట్ పొగ, మగవాణ్ణి ముంచే వగలాడి. 1940ల నాటి ఆ అమెరికన్ నేరచిత్రాల గొప్పతనమంతా కెమెరా పనితనమేనట, కథ ఉట్టి సాకేనట. పొగడ్తలా వినిపించే ఈ మాట ఆ సినిమాలకు అవమానం.

నీడలతో పనిలేని నువార్‌కు ఉదాహరణ, 1945 నాటి ‘లీవ్ హర్ టు హెవెన్’. అది టెక్నికలర్ చిత్రం. లియోన్ షామ్రాయ్‌కి రంగుల ఛాయాగ్రహణంలో ఆస్కార్ తెచ్చింది. పట్టపగలు, సరస్సు మధ్య, పోలియో సోకిన మరిది ఈదలేక మునిగిపోతుంటే, నాయిక జీన్ టియర్నీ నల్లకళ్లద్దాలతో పడవలో కూర్చుని చూస్తుంటుంది. రంగుల్లో ఉంది కనుక అది నువారే కాదనేవారున్నారు. సిద్ధాంతానికి అడ్డొచ్చిందని సినిమానే వెలివేస్తారా?

సరే, నలుపు తెలుపులకే వద్దాం. బిల్లీ వైల్డర్ 1944లో తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’లో ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ నీడలు అద్భుతమే, కాదనను. కానీ నన్ను వణికించే చోటు సూపర్‌మార్కెట్. వరుసగా పేర్చిన డబ్బాల మధ్య నాయకుడు నెఫ్, నాయిక ఫిలిస్ పక్కపక్కన నిలబడి, ముఖాలు చూసుకోకుండా, ఆమె భర్తను చంపే సంగతి మాట్లాడుకుంటారు. మధ్యలో సరుకులకొచ్చిన ఓ ఆవిడ పై అర అందక నెఫ్‌నే సాయం అడుగుతుంది. అతను తీసిస్తాడు. హత్య అంత మామూలు పనుల మధ్య కుదురుతుంది.

ఇక ఆడది ముంచిందన్న మాట. నెఫ్ బీమా ఏజెంటు. కంపెనీని ఎలా బోల్తా కొట్టించవచ్చో ఏళ్లుగా మనసులో లెక్కలు వేసుకున్నవాడు. కారు బీమా కాగితమని నమ్మించి ఆ భర్త చేత 50,000 డాలర్ల ప్రమాద పాలసీ మీద సంతకం పెట్టించింది అతనే. రైలు ప్రమాదమైతే సొమ్ము రెట్టింపన్న నిబంధన తెలిసిందీ అతనికే. ఫిలిస్ నిర్దోషి అని కాదు. ఆమె తలుపు తట్టేనాటికే అతని దగ్గర పథకం సిద్ధంగా ఉంది. జీతానికి పనిచేసే మనిషిలో పేరుకున్న దురాశను ఇంత దగ్గరగా చూపిన సినిమాని ‘వగలాడి కథ’ అంటే నేనొప్పుకోను.

నీలిలైట్లు, వాన, పొగ పెట్టి ‘నువార్ శైలి’ అని పోస్టరు వేసుకునే దర్శకులారా, ముందు ఆ సూపర్‌మార్కెట్ సన్నివేశం చూడండి. అందులో వానా లేదు, పొగా లేదు.