నిరీక్షణ అంటే ఊరక ఎదురుచూడడమా?

"ఈ లోకంలో నీతికి చోటెక్కడున్నదండీ?" అన్న మాట ఈ రోజులలో మన ఇళ్ళలో తరచు వినబడుతున్నది. ఉదయం పత్రిక విప్పితే లంచం, మోసం, యుద్ధం. ఆడపిల్ల పెండ్లికని చీటీలలో దాచుకొన్న సొమ్ము పోగొట్టుకొన్నవారు మనలోనే ఉన్నారు. సంబంధం మాట్లాడబోతే మొదటి మాట కట్నం, రెండవ మాట కులం. ఆదివారం ఆరాధనలో ఒకే బల్ల మీద కూర్చున్నవారు సంఘ ఎన్నికలు వచ్చేసరికి కోర్టుకు ఎక్కుతున్నారు. ఇవన్నీ చూచిన పిల్లవాడు "నీతిగా ఉండి తాతగారు ఏం బాగుపడ్డారు?" అని అడిగితే పెద్దలకు జవాబు తోచడం లేదు.

క్రైస్తవ కుటుంబాలకు ఈ ప్రశ్న మరీ బరువైనది. నిరీక్షణ అనే మాట మనం ప్రార్థనలో పలుకుతాం, పాటలలో పాడుతాం, సమాధుల రాళ్ళ మీద సైతం చెక్కిస్తాం. పలికినంత సులభంగా దానిని పట్టుకొని ఉండగలుగుతున్నామా? ఇతర మతాలకు చెందిన పాఠక మిత్రులకు కూడా ఇది పరాయి ప్రశ్న కాదు. మంచి మీద నమ్మకం సడలడం ఏ ఇంటికైనా ఒకటే నష్టం.

సాధారణంగా మనం చెప్పుకొనే జవాబులు రెండు. "అంతా మంచికే, అన్నీ సర్దుకొంటాయి" అన్నది మొదటిది. "ఇవి అంత్యదినాలు, లోకం ఇంతే, మన ఆత్మను మనం కాపాడుకొందాం" అన్నది రెండవది. మొదటి జవాబు ఏడ్చేవాని కన్నీరు చూడదు. రెండవది చూచి కూడా తలుపు వేసుకొంటుంది. ఈ రెంటిలో ఏదీ నిరీక్షణ కాదు.

తెలుగు బైబిలును అనువదించిన పెద్దలు 'ఆశ' అనే తేలిక మాట చేతిలో ఉండగా, 'నిరీక్షణ' అనే మాటకు పెద్దపీట వేశారు. ఇది ఆలోచించదగిన విషయం. ఆశ అనే మాట మన నోట దురాశ దాకా పోతుంది. ఆశకు అంతులేదని కూడా అంటాం. నిరీక్షణ అంటే కన్ను తిప్పకుండా చూడడం, రావలసినదాని కోసం ఎదురుచూడడం. ఎదుట కనబడుతున్నదాని కోసం ఎవరూ ఎదురుచూడరు గదా అన్నదే రోమా సంఘానికి వ్రాసిన పత్రికలో పౌలు వాదన. లోకం బాగున్నప్పుడు నిరీక్షణతో పనిలేదు. బాగులేనప్పుడే దానితో పని. అయితే ఎదురుచూచేవాడు చేతులు కట్టుకొని కూర్చోవలసినదేనా? దీనికి జవాబు మన తెలుగువారి చరిత్రలోనే ఉన్నది. అందులో మన చెన్నపట్నానికి కూడా భాగమున్నది.

శామ్యూల్ డే అనే అమెరికను బాప్టిస్టు మిషనరీ 1836లో తెలుగుదేశానికి వచ్చాడు. 1837 మొదలు మూడేళ్ళు మద్రాసులో ఉండి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా ఫలితం వ్రేళ్ళ మీద లెక్కించదగినంతే. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఈ తెలుగు మిషనును మూసివేయాలా అన్న చర్చ వచ్చింది. దానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడింది. ఎలాగో మూతపడకుండా నిలిచింది.

1854 జనవరి 1న తెల్లవారుజామున అయిదుగురు మనుష్యులు ఒంగోలు దగ్గరి కొండ ఎక్కారు. లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వారితో క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే తెలుగు విశ్వాసులు. ఈ ఒంగోలు సీమకు ఒక మనిషిని పంపమని వారు మోకరించి ప్రార్థించారు. ఆ మనిషి, జాన్ ఎవరెట్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. నడుమ పన్నెండేళ్ళు! ఆ పన్నెండేళ్ళలో మిషనును మూసే మాట మరల వచ్చింది. జబ్బుతో స్వదేశం వెళ్ళిన జ్యూయెట్, ఎవరు పంపినా పంపకపోయినా తాను తిరిగి వెళ్ళే తీరుతానని పట్టుబట్టాడు. ఈ జ్యూయెటే 1878లో మన మద్రాసుకు వచ్చి ఇక్కడి తెలుగువారి నడుమ పని ప్రారంభించాడు.

ఇంతవరకు ఓపిక కథ. నిరీక్షణకు అసలు పరీక్ష ధాత కరువులో వచ్చింది.

ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో, వానలు తప్పాయి. 1877లోనూ సరిగా పడలేదు. మన తమిళ ఇరుగుపొరుగువారు కూడా దీనిని ధాతు పంచమని నేటికీ తలచుకొంటారు. బ్రిటిషు పాలనలోని ప్రాంతాలలోనే యాభై లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. పల్లెలలో శవాలు పడి ఉండగా 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదు చాటే దర్బారు జరిపించాడు. కరువు పనులలో మగవానికి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ కట్టడి చేశాడు. మన లోకమే చెడిపోయిందనుకొనేవారు ఆ లోకాన్ని కూడా ఒకసారి తలచుకోవాలి.

ఆ చీకటిలో సైతం మనుష్యులున్నారు. మద్రాసు ప్రభుత్వంలో ఆరోగ్యాధికారిగా ఉన్న డాక్టరు కార్నిష్, ఆ తిండితో పనిచేసే మనిషి బ్రతకడని పై అధికారులకు ఎదురు వ్రాశాడు. కొన్ని నెలలకు మద్రాసు రాజధానిలో కూలి పెంచక తప్పలేదు. ఆయన చేసినది తన బల్ల ముందు కూర్చొని నిజం వ్రాయడమే. ఒక్కొక్కప్పుడు అదే ఎంతో పెద్ద పని.

ఒంగోలులో క్లౌ దొర చేసినది ఇంకొక విధం. ఆయన యౌవనంలో అమెరికాలో భూముల సర్వే పని నేర్చినవాడు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్విస్తుంటే, అందులో మూడు మైళ్ళ పైచిలుకు భాగాన్ని ఆయన కంట్రాక్టు తీసుకొన్నాడు. వేలాదిమందికి కూలి దొరికింది. తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. కొలత సరిగా కొలవాలి, కూలి సరిగా అందాలి. మధ్యాహ్నం పని ఆపిన వేళ ఆ బోధకులు కూలీల ప్రక్కన కూర్చొని వారి కష్టసుఖాలు విని ఓదార్చేవారు. ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసులు అంతకు పదేళ్ళ ముందు నుండి ఊరూరా నడిచి నాటిన పనికి ఇది కొనసాగింపు.

జనం బాప్తిస్మం కోసం రాసాగారు. ఇన్నేళ్ళు నిరీక్షించిన దినం రానే వచ్చిందని ఎవరైనా సంతోషించేవారే. కాని క్లౌ పదిహేను నెలల పాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు! ఆకలి తీర్చే చెయ్యే మతంలో కలుపుకొనే చెయ్యి అయితే, వచ్చినవాడు దేని కోసం వచ్చాడో వానికే తెలియకుండా పోతుంది. కరువు సాయం ఆగిపోయింది, ఇక డబ్బు లేదు, రావద్దు అని కబురు పంపిన తరువాత కూడా జనం వచ్చారు. అప్పుడు, 1878 జూలై నెలలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మూడు దినాలలో 3,536 మందికి బాప్తిస్మాలు జరిగాయి. అందులో జూలై 3న ఒక్కనాడే 2,222 మంది.

ఈ అంకెలు చెప్పి గర్వించేవారు మనలో చాలామంది. ఆ పదిహేను నెలల సంగతి చెప్పేవారు తక్కువ. నా మనసుకు మటుకు ఆ పదిహేను నెలలే గొప్పవి. అన్నం పెట్టిన చేతి మీది కృతజ్ఞత ఆ వచ్చినవారిలో లేదని ఎవరూ అనలేరు. మనిషి మనసు త్రాసులో తూగేది కాదు. శంకించేవారు అప్పుడున్నారు, ఇప్పుడూ ఉన్నారు. శంక న్యాయమైనదే. ఆ శంకకు చోటివ్వకూడదనే గదా ఆయన ఆగినది! మంచి ఫలమే అయినా వంకర దారిన చేతికి వస్తే వద్దనగలగడం నిరీక్షణ. రేపటి మీద నమ్మకం లేనివాడే ఈ వేళ దొరికినదంతా మూట కట్టుకొంటాడు. లంచం తీసుకొనేవాని రోగం, తొందరపడే భక్తుని రోగం ఒకటే.

అంతటితో అంతా చక్కబడిందా? లేదు. బావి దగ్గరకు రానివ్వని జనం దేవుని ఇంట సమానులయ్యారన్నారు గాని, కులం నేటికీ మన సంఘాలను వదలలేదు. నిరీక్షణ ఉన్నదంటే ఈ మాట దాచుకోనక్కరలేదు. పని ఇంకా మిగిలి ఉన్నదనే దాని అర్థం.

ఇక ఆ కాలువ సంగతి. అది ఆంధ్రప్రదేశ్‌లోని పెదగంజాం నుండి తమిళనాడులోని మరక్కాణం వరకు సముద్రం వెంట సాగి, మన నగరం నడుమగా పోతుంది. ఇక్కడ కూవం, అడయారు నదులను కలిపే భాగం కూడా 1877-78లో కరువు కూలీలు త్రవ్వినదే. మన పురసవాక్కం ప్రాంతపు ఓట్టేరి కాలువ బేసిన్ బ్రిడ్జి దగ్గర దానిలోనే కలుస్తుంది. ఈనాడు ఆ నీటి ప్రక్కన ముక్కు మూసుకొని పోతాం. కాని 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, ఆంధ్రతీరంలో ఆ కాలువే అలల ఉధృతిని చాలాచోట్ల తనలోకి తీసుకొని లోపలి పల్లెవాసులను కాపాడిందని శాస్త్రజ్ఞులు వ్రాశారు. త్రవ్వినవారు ఆనాటి గంజి కోసం త్రవ్వారు. నూట ఇరవై ఆరేళ్ళ తరువాత తమ చేతి పని ఎవరి బిడ్డలను కాపాడబోతున్నదో వారికి తెలియదు. కనబడని మేలు అంటే ఇటువంటిదే.

కాబట్టి లోకమంతా ఎప్పుడు బాగుపడుతుందని లెక్కలు వేయడం మన పని కాదు. మన వంతుకు వచ్చిన మూడు మైళ్ళు ఏవో చూచుకోవాలి. ఇంట పనిచేసే మనిషికి తేదీ తప్పకుండా పూర్తి జీతం ఇవ్వడం, పేద పిల్లవానికి చదువు సాయం చేస్తే వాడు ఏ గుడికి పోతాడో అడగకపోవడం, మన సంఘం లెక్కలు అడిగినవారికి ముఖం చిట్లించకుండా చూపడం, మన అబ్బాయి పెండ్లిలో కట్నం మాట మనమే ఎత్తకపోవడం. ఇవి చిన్న పనులే. కాని ఇవి చేయనివాని నోట నిరీక్షణ అన్న మాటకు బరువుండదు. చేసేవానికి దానిని గురించి ఉపన్యాసం చెప్పవలసిన అవసరమూ రాదు.