వృద్ధ మాతాపితరుల విదేశవాసము

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందు నేడొక ప్రశ్న అనేక గృహములను కలతపెట్టుచున్నది. కొడుకో కూతురో అమెరికాలో స్థిరపడియున్నారు. ఇచట తల్లిదండ్రులు డెబ్బదియేండ్లు దాటినారు. ఇరువురిలో నొకరు కాలము చేసినచో రెండవవారి గతి యేమి? "అమ్మను మాయొద్దకు తీసికొనిపోయెదము, గ్రీన్ కార్డుకు అర్జీ పెట్టెదము" అని బిడ్డలందురు. బంధువులలో కొంద రది ధర్మమనియు, కొంద రవివేకమనియు వాదింతురు. ఆ తల్లి యభిప్రాయము నడుగువారు మాత్రము అరుదు. ఈ విషయమున ఆవేశమును విడిచి లాభనష్టములను తూచి చూడవలసియున్నది.

ఈ ప్రశ్న ఆకాశమునుండి ఊడిపడినది కాదు. 1991 ఉపఎన్నికలో నంద్యాల ఓటర్లు లోకసభకు పంపిన శ్రీ పి. వి. నరసింహారావుగారి ప్రభుత్వమే మన ఆర్థికద్వారములను లోకమునకు తెరచినది. పిదప కంప్యూటరు విద్యకు గిరాకి పెరిగినది. కె. సి. కాలువ క్రింద వరి పండించిన రైతును, పట్టణమున దుకాణము నడిపిన వర్తకుడును, బడిపంతులును తమ బిడ్డలను ఇంజనీరింగు చదివించిరి. పొలమమ్మి చదివించినవారును కలరు. ఆ చదువు ఫలించి పిల్లలు సముద్రములు దాటిరి. 2010కిని 2017కిని నడుమ అమెరికాలో ఇంట తెలుగు మాటలాడువారి సంఖ్య 86 శాతము పెరిగినది. పంపినది మనమే. కావున వెళ్లినవారిని కృతఘ్నులని నిందించుట న్యాయము కాదు. తల్లిని తమయొద్దకు రమ్మనుట ప్రేమవలననే యని మొదట ఒప్పుకొనవలెను.

ఇక చట్టమును చూతము. తల్లిదండ్రులను శాశ్వతవాసమునకు పిలిపించుకొను హక్కు 21 ఏండ్లు నిండిన అమెరికా పౌరునికి మాత్రమే కలదు. గ్రీన్ కార్డు మాత్రమే కలవానికి ఆ హక్కు లేదు. పౌరుని తల్లిదండ్రులకు 1965 నాటి చట్టమునుండి సంఖ్యాపరిమితి లేదు గనుక వారు వరుసలో ఏండ్లతరబడి నిలువనక్కరలేదు. ఆలస్యమంతయు అంతకుముందే జరుగుచున్నది. ఉద్యోగముద్వారా నిచ్చు గ్రీన్ కార్డులలో ఒక్కొక్క దేశమునకు ఏటికి 7 శాతమే యను హద్దువలన మనవారు పది పదునైదేండ్లు, కొంద రంతకు మించియు వేచియున్నారు. అది చేతికందిన తరువాత సాధారణముగా మరి 5 ఏండ్లకు గాని పౌరసత్వము రాదు. ఇరువదియైదవ యేట పోయిన కుమారుడు పౌరుడగునప్పటికి నడివయస్సు వాడగును, తల్లిదండ్రులు వృద్ధులగుదురు. వారు క్రొత్తచోట నాటుకొనగల వయస్సులో చట్టము త్రోవ యీయలేదు. త్రోవ యిచ్చునప్పటికి వేళ్లు లోతుగా పాతుకొనియున్నవి.

మరియొక సంగతి కలదు. 1955 నాటి మన పౌరసత్వ చట్టము ప్రకారము అన్యదేశ పౌరసత్వమును స్వచ్ఛందముగా స్వీకరించినవాడు భారతపౌరుడుగా నుండజాలడు. అనగా కన్నతల్లిని పిలుచుకొనుటకు కుమారుడు మాతృదేశపు పౌరసత్వమును ముందు వదలుకొనవలెను. ఈ మూల్యము ఏ రసీదులోను కనబడదు.

రసీదులలో కనబడు మూల్యము పెద్దది కాదు. 2024 నాటి లెక్కన ఒక్కరిని పిలుచుటకు అర్జీకి 675, పోషణ ప్రమాణపత్రమునకు 120, వీసాకు 325, ప్రవేశమునకు 235, వెరసి 1,355 డాలర్లు. వైద్యపరీక్షయు, ముంబయి కాన్సలేటుకు ప్రయాణమును వేరు. అసలు భారము ఆ ప్రమాణపత్రములోనే యున్నది. పిలుచువాని ఆదాయము ప్రభుత్వము నిర్ణయించిన పేదరికపు రేఖకు 125 శాతము ఉండవలెను. ఆరుగురి కుటుంబమునకు 2025లో అది సుమారు 54 వేల డాలర్లు. ఇది మన ఇంజనీర్లకు కష్టము కాదు. కాని తల్లి ఆ దేశ పౌరురాలగువరకో, సుమారు పదేండ్ల ఉద్యోగపు లెక్క చేరువరకో, శాశ్వతముగా దేశము విడుచువరకో, మరణించువరకో ఆ బాధ్యత తీరదు. డెబ్బదియేండ్ల తల్లి ఉద్యోగము చేయబోదు. పౌరసత్వమునకు ఆంగ్లపరీక్ష కలదు. వయస్సునుబట్టి దానినుండి మినహాయింపు పొందవలెనన్నను ఆ దేశమున 15, 20 ఏండ్లు కాపురముండవలెను. కావున అనేకుల విషయమున ఈ ప్రమాణము జీవితాంతమని తలంచి సంతకము చేయుట మేలు.

వైద్యమును గూర్చి ఇంకను జాగ్రత్తగా యోచింపవలెను. వృద్ధులకు ఆ దేశప్రభుత్వము నడుపు మెడికేరు అను భీమాను 65 ఏండ్లు దాటిన గ్రీన్ కార్డుదారు 5 ఏండ్లు అచట నివసించిన పిదపనే కొనగలడు. ఉద్యోగపు లెక్క లేనివారికి 2025లో దాని ముఖ్యమైన రెండు భాగములకు నెలకు 518, 185 చొప్పున మొత్తము 703 డాలర్లు. అంతవరకు ప్రైవేటు భీమాయే గతి. మంచము పట్టినవారికి దీర్ఘకాలము చేయు సామాన్యసేవకు మెడికేరు చెల్లదు. ఇచటికి వచ్చినప్పుడును చెల్లదు. మన కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరునుండి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఏటికి 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్సకు ఏర్పాటు చేసినది. ఇందును లోపములు కలవు. పెద్ద వ్యాధి వచ్చినచో నంద్యాలనుండి కర్నూలుకో హైదరాబాదుకో పరుగెత్తక తప్పదు.

గ్రీన్ కార్డనగా రాకపోకలకు చీటీ యని మనవారిలో ననేకులు భావించుచున్నారు. అది పొరపాటు. అది అచటనే కాపురముందునను ఒప్పందము. ముందుగా అనుమతి పొందక ఏడాదికి మించి ఇచట నిలిచిపోయినచో కార్డునకే ముప్పు. పైగా ఆ కార్డు కలవారు లోకమున నెచట సంపాదించినదానికైనను ఆ దేశమున లెక్క చూపవలెను. వ్యవసాయాదాయముపై మనకు ఆదాయపు పన్ను లేదు. ఆళ్లగడ్డవద్ద పొలముపై వచ్చు కౌలు మాత్రము అచట పన్నుకు లోబడును. ఇచటి బ్యాంకు ఖాతాలలో మొత్తము 10 వేల డాలర్లకు మించినచో దానిని గూడ తెలుపవలెను. ఈ సంగతులు తెలియక చిక్కులలో పడుట కంటె ముందే తెలిసికొనుట మంచిది.

డబ్బునకు లొంగని లెక్క యింకొకటి కలదు. నంద్యాలలో ఆ తల్లి తన యింటికి యజమానురాలు. పాలవాడు, పూలమ్మి, పొరుగింటి యిల్లాలు, వీధి చివరి గుడియో మసీదో చర్చియో, అన్నియు ఆమె అడుగుల దూరములో నున్నవి. తలుపు తాళము ఆమె కొంగున నున్నది. అచట కారు నడుపలేనివారికి వీధి లేదు. కొడుకు, కోడలు కచేరికిని, పిల్లలు బడికిని పోయినచో సాయంకాలమువరకు గోడలే తోడు. మనుమలతో మాటలాడుటకు భాష చాలదు. పెత్తనము చేసిన చేయి చిన్నచిన్న అవసరములకు ఇతరులను యాచింపవలసివచ్చును. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహములు దూరదేశపు దేవాలయములకు పోయి అచట పునఃప్రతిష్ఠ పొందవచ్చును. వృద్ధురాలైన మనిషికి అట్టి ప్రతిష్ఠ సులభము కాదు.

ఐనను రెండవ ప్రక్కను మరుగుపరచుట అన్యాయము. ఇచట ఒంటరిగా రాత్రివేళ జారిపడి, తెల్లవారి పనిమనిషి వచ్చువరకు నేలపై నుండిన వృద్ధుల సంగతి వినని వీధి లేదు. ఫోనులో ముఖము కనబడును గాని చేయి అందదు. తల్లి చివరిచూపుకు అందుకొనలేక జీవితాంతము కుమిలిన బిడ్డలు కలరు. మనుమల నెత్తుకొని, కూతురి చెంతనుండి సుఖముగా కాలము గడుపుచున్న తల్లులును అచట కలరు. కావున అందరికి నొకటే తీర్పు చెప్పుట తగదు.

మా యభిప్రాయ మిది. ఈ నిర్ణయము బిడ్డల పశ్చాత్తాపమును తీర్చుటకై చేయదగినది కాదు. పోవలసినవారి యిష్టముపై చేయదగినది. తల్లిని తండ్రి యెదుట గాక వేరుగా అడుగవలెను. మన యిండ్లలో ఆమె మాట ఆయన మాటలో కలిసిపోవుట అలవాటు. మొదట సందర్శకుల వీసాపై, వీలైనచో ఒక చలికాలము కూడ గడచునట్లు, కొన్ని నెలలు ఉండి చూడవలెను. పండుగదినములను బట్టి గాక పనిదినములను బట్టి తీర్పు చేసికొనవలెను. ఇరువురును ఆరోగ్యముగా నుండగనే, ఒకరు పోయిన పిదప రెండవవారు ఎచట నుండదలచినారో, తమ అంత్యక్రియలు ఏ నేలపై జరుగగోరుచున్నారో నోరు తెరచి చెప్పుకొనవలెను. పోయి రెండేండ్లు గడచువరకు ఇచటి యిల్లు అమ్మరాదు. తిరిగివచ్చుటకు గుమ్మము లేనివారి సమ్మతి సమ్మతి కాదు.

పోనొల్లనివారి యెడల బిడ్డల ధర్మము ఇచట నడువవలెను. తల్లిదండ్రుల పోషణకై 2007లో మనము చేసికొన్న చట్టము విదేశములందున్న భారతపౌరులకును వర్తించునని స్పష్టముగా చెప్పినది. పౌరసత్వము వదలినవానికి ఆ మాట యందదు. చట్టము విడిచిన చోట మనస్సాక్షి పట్టుకొనవలెను. నెలనెలకు డబ్బు పంపుటతో పని తీరదు. ఏటికొకసారియైన వచ్చి నిలువవలెను.

ఊరి ధర్మమును కలదు. 2022 ఏప్రిలులో నంద్యాల జిల్లాకేంద్రమైనది. ఇచటినుండి పోయినవారు గుడిగోపురములకును, వివాహవైభవములకును వెచ్చించుదానిలో కొంత భాగమును, వృద్ధుల యింటికి పోయి రక్తపుపోటు చూచి మందులిచ్చు నర్సులకును, పగటివేళ ముసలివారు కూడి యుండుటకొక శాలకును, అర్ధరాత్రి పిలిచినచో వచ్చు వాహనమునకును ఈయరాదా? పురపాలక సంఘము, వైద్యులు, కళాశాల యువకులు పూనుకొన్నచో ఇది అసాధ్యము కాదు. నమ్మదగిన సేవ ఇచట దొరకుననిన, భయమువలన దేశము విడుచు వృద్ధులు తగ్గుదురు. ప్రేమవలన పోవువారు సుఖముగా పోయివత్తురు గాక. మన వీధిలో తోడు లేదను కారణముచేత ఏ తల్లియు కన్నీటితో విమాన మెక్కకుండ చూచుట మాత్రము మన చేతిలోనే యున్నది.