దక్కన్ రాళ్లలో అంత ఖాళీ ఉందా?

‘దక్కన్ ట్రాప్స్‌లో ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల బసాల్ట్ (లావా గడ్డకట్టిన రాయి) ఉంది, మ్యాపులూ ఉన్నాయి, ఇక కార్బన్ డయాక్సైడ్‌ను ఆ రాతిలోకి దింపి దాచడమే తరువాయి’ అనే వాదన ఈమధ్య బాగా వినిపిస్తోంది. విస్తీర్ణాన్ని మందంతో హెచ్చవేసి ఇన్ని కోట్ల టన్నులు పడతాయని తేల్చేస్తున్నారు. ఈ లెక్క తప్పు.

ఆ మ్యాపులకు ఆధారమైన భూభౌతిక సర్వే కొలిచేది రాతి అయస్కాంతత్వం, సాంద్రత, విద్యుత్ నిరోధం. రాతిలో వాయువు ఎంత పడుతుందో అది కొలవదు. ఈ సంగతి మన రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. రెసిస్టివిటీ మీటరుతో పాయింటు పెట్టించి బోరు వేయిస్తే దుమ్ము తప్ప చుక్క నీరు చూడనివాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు.

ఒక్కో లావా పొరకు పైభాగంలో బుడగల గుల్లలుంటాయి, నడుమంతా గట్టి రాయి. వాయువుకు చోటు ఎక్కువగా ఆ గుల్లల్లోనే. దక్కన్‌లో అవి చాలాచోట్ల జియోలైట్లు, కాల్సైట్ అనే ఖనిజాలతో ఎన్నడో పూడిపోయాయి. పుణే, జల్గావ్ క్వారీల నుంచి మ్యూజియాలకెక్కిన అందమైన స్ఫటికాలు అవే! విమానం నుంచి తీసిన అయస్కాంత మ్యాపులో ఈ పూడిక కనబడదు.

మందమూ అంతటా ఒకటి కాదు. మహారాష్ట్రలోని కొయనా దగ్గర బసాల్ట్ 900 మీటర్లు దాటింది. 1993 భూకంపం తర్వాత లాతూర్ జిల్లా కిల్లారిలో బోరు వేస్తే 338 మీటర్లకే అయిపోయింది. వాయువు ద్రవమంత చిక్కగా నిలవాలంటే సుమారు 800 మీటర్ల లోతు కావాలి. ‘ఐస్‌లాండ్‌లోలా నీళ్లలో కరిగించి దింపుదాం’ అంటారా? 2012లో అక్కడ అలా దింపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్లలో రాయిగా మారిన మాట నిజమే. కానీ టన్ను వాయువుకు దాదాపు 25 టన్నుల నీళ్లు పట్టాయి. 2016లో మిరజ్ నుంచి రైల్లో తాగునీళ్లు తెప్పించుకున్న లాతూర్‌కు వెళ్లి ఆ మాట చెప్పండి. కొయనాలోనేమో చిక్కు ఇంకోటి. 1967లో అక్కడ 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, దానికి ప్రేరణ అక్కడి జలాశయంలోని నీళ్లేనంటారు శాస్త్రజ్ఞులు. అలాంటి చోట రాతిలోకి ఒత్తిడితో ఏదైనా పంపేముందు ఆలోచించాలి.

సర్వేలు వద్దనడం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) లాంటి సంస్థల సర్వేలు లేకపోతే బోరు ఎక్కడ వేయకూడదో కూడా తెలియదు. అమెరికాలోని వాల్యులాలో బసాల్ట్‌లోకి వాయువు దింపే ప్రయోగానికి ముందు సీస్మిక్ సర్వే చేశారు. 2009లో బోరు తవ్వారు, పొరల్లోకి నీళ్లు పంపి పరీక్షించారు. అంతా అయ్యాక 2013లో దింపింది సుమారు వెయ్యి టన్నులు.

ఇకమీదట ఎవరైనా దక్కన్‌లో కోట్ల టన్నులు దాస్తామంటే, ఎన్ని బోర్లు వేశారో, ఎంత లోతుకు వెళ్లారో, నీళ్లు పంపిస్తే రాయి ఎంత తాగిందో అడగండి.