వకీలు తప్పు చేస్తే అడిగేదెవరు?

వైద్యుడి దగ్గరా, వకీలు దగ్గరా ఏదీ దాచకూడదంటారు పెద్దలు. మనం దాచం కూడా. పట్టా కాగితాలు, పెళ్లి ఫొటోలు, బ్యాంకు పుస్తకాలు అన్నీ తీసుకెళ్లి ఆయన బల్లమీద పెట్టేస్తాం. మరి ఆయనే మన దగ్గర దాస్తే? దావా వేయకుండానే వేశానంటే? వాయిదాకి తాను వెళ్లకుండా, 'జడ్జిగారు సెలవులో ఉన్నారమ్మా' అంటే?

మా పాపన్నపేట నుంచి మెదక్ కోర్టుకు తిరిగే ఆడవాళ్లను చూస్తుంటాను. ఒకరిది భూమి తగాదా, ఇంకొకరిది మనోవర్తి. కూలి పోగొట్టుకుని వెళ్లొస్తారు గానీ, కేసు నంబరెంతంటే చెప్పలేరు. 'వకీలు సారు చూసుకుంటున్నడు' అంటారు. నాకు తెలిసిన ఒకావిడ దావా, ఎవరూ హాజరు కాలేదని కొట్టేశారు. ఆ సంగతి ఆమెకు తెలిసింది ఏడాది తర్వాత!

కేసు ఓడిపోవడం వకీలు నేరం కాదు. ఇద్దరిలో ఒకరు ఓడాల్సిందే. ఒళ్లు దాచుకోకుండా పనిచేసే వకీళ్లు మనకు తక్కువేమీ లేరు. కానీ కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

1961 నాటి అడ్వకేట్ల చట్టంలో 35వ సెక్షన్ అందుకే ఉంది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తప్పు రుజువైతే మందలిస్తారు, కొంతకాలం ప్రాక్టీసు ఆపేస్తారు, లేదా పేరే తొలగిస్తారు. మద్రాసులో ఒక వృద్ధ దంపతుల ప్రామిసరీ నోట్లు తీసుకుని, దావా వేశానని నమ్మించి గడువు దాటబెట్టిన వకీలుకు 1978లో సుప్రీంకోర్టులో కూడా శిక్ష తప్పలేదు. పేదలకు ఉచితంగా పనిచేయాలని కూడా కోర్టు చెప్పింది.

ఉత్తరప్రదేశ్ కథ ఇంకా బాధాకరం. భూమి పోగొట్టుకున్న ఓ నిరుపేద వృద్ధుడికి రావలసిన 8,118 రూపాయల పరిహారాన్ని ఆయన వకీలే కోర్టు నుంచి తీసుకుని ఉంచేసుకున్నాడు. మూడేళ్ల సస్పెన్షన్ చాలదని సుప్రీంకోర్టు ఆ వకీలు పేరే తీసేయించింది. బాగానే ఉంది. కానీ డబ్బు తీసుకున్నది 1987లో, తీర్పు వచ్చింది 2002లో. పదిహేనేళ్లు! అన్నాళ్లు కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక మనలో ఎంతమందికి ఉంటుంది?

ఏడాదిలోగా ఫిర్యాదు తేల్చాలి, లేకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్లాలి అని చట్టమే చెబుతోంది. 2021లో సుప్రీంకోర్టు ఆ గడువును మళ్లీ గుర్తుచేయవలసి వచ్చిందంటే, ఆచరణ ఎలా ఉందో అర్థం కావడం లేదూ? పైగా విచారించే కమిటీలో ముగ్గురూ వకీళ్లే. 2024లో వకీళ్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు తేల్చేసింది. నష్టపరిహారానికి సివిల్ దావా వేసుకోవచ్చు, నిజమే. దానికీ మరో వకీలు కావాలి కదా!

అందుకే మిగిలిన ఈ ఒక్క తలుపైనా బార్లా తెరవమని అడుగుదాం. విచారణకు మనం హైదరాబాదు పోవడం కాదు, కమిటీయే జిల్లాకు రావాలి. అందులో వకీలు కాని మనిషి ఒక్కరైనా ఉండాలి. ఏడాది గడువు మాటల్లో కాదు, చేతల్లో కనిపించాలి.

ఈలోగా మన జాగ్రత్త మనది. ఫీజు ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగండి. దావా నకలు, సి.ఎన్.ఆర్. నంబరు తీసుకోండి. ఆ నంబరుంటే ఈ-కోర్ట్స్‌లో వాయిదా ఎప్పుడో ఇంట్లో పిల్లలే ఫోనులో చూసి చెబుతారు. హాజరు లేదని దావా కొట్టేస్తే, తిరిగి తెరిపించడానికి గడువు 30 రోజులే. ఆలస్యమైతే కారణం చూపి కోర్టును ఒప్పించుకోవాలి. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసినంత మాత్రాన కేసు బతకదు, అది వేరు, ఇది వేరు. వకీలు గైర్హాజరుకు అమాయకుడైన కక్షిదారు బలికాకూడదని 1981లోనే సుప్రీంకోర్టు అన్నది, ధైర్యంగా అడగండి. కొత్త వకీలుకు డబ్బు లేదంటారా? ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోన్ చేయండి.

'పెద్దమనిషిని ఎట్లా అడుగుతం' అని మొహమాటపడకండి. కూరగాయల దగ్గర తూకం సరిచూసుకునే మనం, జీవితం అప్పగించిన చోట అడగకపోతే ఎలా?